ముందు గీత, తర్వాత గురి

మా నాయిన దగ్గర ఒక రేకు పెట్టె ఉండేది. పిస్తోళ్ళ సామాను ఉంటుందనుకుని మూత తీసినవాళ్ళకు అందులో అన్నం కంచం ఒకటి, టిఫిన్ పళ్ళెం ఒకటి, సాసర్ ఒకటి, చాయ్ గ్లాసు ఒకటి కనిపించేవి. అడుగున నాలుగైదు పెన్సిలు ముక్కలు. క్లబ్బులో కొత్తగా చేరిన ఒక పెద్దమనిషి వాటిని చూసి, "ఏంది, ఈడ హోటల్ గూడ నడుపుతున్నవా?" అని అడిగితే, మా నాయిన నవ్వకుండా, "మీకేది గావాల్నో జెప్పుండ్రి సాబ్, కంచమా, సాసరా?" అన్నాడు. ఆ పెద్దమనిషి మీసం దువ్వుకుని గ్లాసు తీసుకున్నాడు. కాసేపటికి ఆయన కాల్చిన అయిదు గుండ్లలో రెండు అసలు కాగితానికే తగల్లేదు.

క్లబ్బు అంటే ఏ పాలరాతి మెట్లో ఊహించుకోకండి. ఇప్పుడు ఎల్బీ నగర్ అంటున్న చోట, బెజవాడ రోడ్డు పక్కన, పాత రాతి గని ఒకటి ఉండేది. అక్కడ రాయి కొట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. మూడు వైపులా నిలువెత్తు రాతి గోడ, మధ్యలో చదునైన నేల. పిస్తోలు గురికి ఇంతకంటే మంచి జాగా దొరకదని కొందరు పాత ఫౌజు అధికార్లు, ఇంకొందరు షోకు ఉన్నవాళ్ళు కలిసి అక్కడ రేకుల షెడ్డు వేసుకున్నారు. మా నాయిన దాన్ని చాంద్‌మారీ అనేవాడు. ఫౌజులో గురి నేర్పే మైదానాన్ని అట్లాగే అంటారట. ఆయన నిజాం ఫౌజులో తుపాకులు మరమ్మతు చేసిన మనిషి. ఫౌజు పోయాక నల్లగొండ పక్క మా ఊరికి తిరిగి వెళ్ళకుండా పట్నంలోనే ఉండిపోయి, చివరికి ఈ షెడ్డు తాళంచెవి పట్టుకున్నాడు. బీరువా తెరవడం, పిస్తోళ్ళకు నూనె పెట్టడం, కాగితాలు బిగించడం, వచ్చినవాళ్ళకు నేర్పడం, అన్నీ ఆయనే. మేము దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. అమ్మ దవాఖానలో ఆయా. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు చాంద్‌మారీ, అంతే మా నాయిన లోకం.

ఆయన పద్ధతి ఒక్కటే. గురి చూసేముందు గీత గీయాలి. పిస్తోలు ముట్టుకోకముందే పెట్టెలోంచి ఒక గిన్నె తీసుకుని, గురికి పెట్టే కార్డు మీద బోర్లించి, దాని చుట్టూ పెన్సిలుతో గీత తిప్పి, కింద పేరు రాయాలి. ఇరవై అయిదు గజాల దూరం నుంచి నా అయిదు గుండ్లూ ఈ గీత లోపలే ఉంటాయి అని మాట ఇచ్చినట్టు. ఒక్కటి బయటికి పోయినా కార్డు చెల్లదు, చింపేయడమే. పోటీ జరిగితే కార్డు నిలిచినవాళ్ళలో ఎవరి గీత చిన్నదో వాళ్ళే గెలిచినట్టు. పెద్ద గీత గీస్తే నవ్వుతారు, చిన్న గీత గీస్తే చిరుగుతుంది. పేరున్న అధికార్లు కూడా గిన్నె ముందు నిలబడి పెళ్ళిచూపుల పిల్లల్లా తటపటాయించేవాళ్ళు. తన చేతి సంగతి తనకు తెలియనివాడికి పిస్తోలు ఇవ్వకూడదని మా నాయిన నమ్మకం.

నాకు ఆ పద్ధతి మీద ఒళ్ళుమంట. నాకు పంతొమ్మిదేళ్ళు, బీఎస్సీ రెండో సంవత్సరం, నేల విడిచి సాము చేసే వయసు. నేను ఎప్పుడూ గ్లాసే తీసేదాన్ని. మరీ బుద్ధి వచ్చిన రోజున సాసరు. నా కార్డులు ఎన్ని చిరిగాయో చెప్పలేను. మా నాయిన కోప్పడేవాడు కాదు. చిరిగిన ముక్కలు నా చేతిలో పెట్టి, "కంచంతోని మొదలువెట్టు బిడ్డా. అన్నం తినేది కంచంల గద, సిగ్గెందుకు?" అనేవాడు. క్లబ్బు సభ్యుల కూతుళ్ళు ఇద్దరు అక్కడికి వచ్చేవాళ్ళు. వాళ్ళు మా నాయినను 'ఏయ్' అని పిలిచేవాళ్ళు. వాళ్ళ ముందు నేను కంచం తీసుకుని గీయాలంటే ప్రాణం పోయినట్టుండేది.

ఇక నా స్నేహితురాలి గురించి చెప్పాలి. కాలేజీలో నా పక్క బెంచీ, ఎన్‌సీసీలో నా పక్క వరస. వాళ్ళది గుంటూరు వైపు. తండ్రి ఏదో సర్కారు ఆఫీసులో గుమాస్తా, మూసారాంబాగ్‌లో కాపురం. ఎన్‌సీసీలో రైఫిలు పట్టుకున్నప్పటి నుంచి పిస్తోలు కూడా చూడాలని నా ప్రాణం తీస్తే ఒకరోజు చాంద్‌మారీకి తీసుకుపోయాను. మా నాయిన పెట్టె మూత తీయగానే ఆ పిల్ల ఏమాత్రం ఆలోచించకుండా అన్నం కంచం తీసుకుంది. "నాకు ఇదే ఎక్కువేమో బాబాయిగారూ, ఇంతకంటే పెద్దది లేదా?" అని అడిగింది. మా నాయిన మొహం వెలిగిపోయింది. ఆ రోజు రాతి గోడ అవతల ద్రాక్ష తోటలో చిలకలు అరుస్తుంటే, ఆ పిల్ల అయిదు గుండ్లూ కంచం అంచుల దాకా చెల్లాచెదురుగా, కానీ లోపలే, కాల్చింది. నా గ్లాసు కార్డు మామూలుగానే చిరిగింది.

అరవై తొమ్మిది వచ్చింది. ఆ ఏడాదిని తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది నిశ్శబ్దం. కాలేజీలు మూసేశారు. ఎప్పుడు తెరుస్తారో తెలియదు, పరీక్షలు ఉంటాయో ఉండవో తెలియదు. బస్సులు తిరిగే రోజు తక్కువ. ఎప్పుడైనా దూరంగా చాదర్‌ఘాట్ వైపు నుంచి నినాదాలు గాలిలో వచ్చి, మళ్ళీ గాలిలోనే పోయేవి. నేనూ రెండుసార్లు ఊరేగింపులో నడిచాను, గొంతు పోయేదాకా జై తెలంగాణ అని అరిచాను. మా అన్నల వయసు పిల్లలు ఉద్యోగాల్లేక తిరుగుతున్నారు, ఆ కోపం నాకు నిజంగానే ఉండేది. కానీ మిగతా రోజులన్నీ నిద్రలో నడిచినట్టు గడిచాయి. పొద్దున తోటల మీద మంచు, మధ్యాహ్నం తెల్లటి ఎండ, ఎక్కడా గంట కొట్టని పగళ్ళు. బెజవాడ రోడ్డు మధ్యలో మేక ఒకటి పడుకుని నెమరు వేస్తుంటే, లేపడానికి ఒక్క లారీ కూడా వచ్చేది కాదు.

ఆ రోజుల్లో నా స్నేహితురాలికి ఒక ఇబ్బంది వచ్చింది. నోరు తెరిస్తే చాలు, ఎక్కడివాళ్ళో తెలిసిపోతుంది. దారిలో కుర్రాళ్ళ గుంపులు ఆపి పేరు, ఊరు అడుగుతున్నాయని వాళ్ళ నాన్న భయపడి, ఒంటరిగా గడప దాటొద్దన్నాడు. అందుకని మేము ఒక ఏర్పాటు చేసుకున్నాం. పొద్దున్నే నేను మూసారాంబాగ్ పోయి ఆమెను పిలుచుకుని, పెద్ద రోడ్డు కాకుండా ద్రాక్ష తోటల మధ్య కాలిబాటన చాంద్‌మారీకి తీసుకురావాలి. ఎవరైనా ఎదురైతే మాట్లాడే పని నాది. ఆమె తోటలు వచ్చేదాకా పెదవి విప్పకూడదు. ఒకసారి ఒక ముసలమ్మ ఆపి, "ఈ పిల్లకు మాటలు రావా బిడ్డా?" అని జాలిపడింది. "రావు అవ్వా, పుట్టుకనుంచి గంతే" అన్నాను. తోటలోకి వచ్చాక ఇద్దరం పందిరి కింద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాం. "నువ్వు నన్ను మూగదాన్ని చేసేశావే, మా అమ్మ వింటే నిన్ను చంపేస్తుంది" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా మా మీద పడుతోంది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు చాలా తక్కువ.

ఒకసారి పట్నంలో పోలీసులు కాల్పులు జరిపారు. పిల్లలు చనిపోయారు. మర్నాడు మా నాయిన బీరువా తెరిచాడు గానీ గుండ్ల డబ్బా తీయలేదు. "ఊర్ల పిల్లలు తుపాకికి సస్తుంటే మనం ఆటకు కాల్చుడు మంచిగలేదు" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు మేము గుండు లేకుండానే సాధన చేశాం. ఖాళీ పిస్తోలు చేయి చాచి పట్టుకోవాలి. గొట్టం చివర మా నాయిన తన పాత ఫౌజు కోటు గుండీ ఒకటి నిలబెట్టేవాడు. గుండీ పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి. టిక్కుమని చిన్న చప్పుడు, అంతే. గొట్టం కొసన ఉండే ఇనుప ముక్కును ఆయన మక్ఖీ అనేవాడు, ఈగ అని. "కండ్లు మక్ఖీ మీద వెట్టు. కార్డు మసకగ అగపడ్తది, పడనియ్యి" అనేవాడు. ఈగ స్పష్టంగా, లోకమంతా మసకగా. ఎదురుగా రాతి గోడ, దాని మీది గడ్డి, ఆకాశం, అన్నీ పాలలో కలిసిపోయినట్టు కనిపించేవి. ఎంతసేపు అట్లా నిలబడ్డామో తెలిసేది కాదు. గుండీ కింద పడ్డ చప్పుడుకు ఉలిక్కిపడి మళ్ళీ ఈ లోకంలోకి వచ్చేవాళ్ళం.

మళ్ళీ గుండ్లు ఇచ్చిన రోజున నాకు అయిదూ సాసరులో పడ్డాయి. మొట్టమొదటిసారి! నేను ఎగిరి గంతేసి, "రేపటినుంచి గ్లాసే" అన్నాను. మా నాయిన కార్డు తీసుకుని ఎండకు పట్టి చూశాడు. రంధ్రాల్లోంచి అయిదు వెలుగు చుక్కలు ఆయన చొక్కా మీద పడ్డాయి.

"మంచిగ కొట్టినవ్" అన్నాడు. "గని మంచి దినం కొలత గాదు బిడ్డా. నిద్ర సాలక, జరమొచ్చి, మనసు బాగలేక కొట్టిన దినం సూడు. ఆ దినం నీ గుండ్లు ఎంత జాగల వడ్డయో, గదీ నీ కొలత. దాంట్ల వరుసగ మూడు దినాలు నిలవడితె, అప్పుడు చిన్న గిన్నె తీస్కో."

"అట్లయితె నేను ముసల్దాన్నయిత నాయినా" అన్నాను. నా స్నేహితురాలు మాత్రం ఆ మాటలు శ్రద్ధగా విన్నది. ఆమె ఒక నోటుబుక్కు పెట్టుకుంది. ఏ రోజు ఏ గిన్నె, ఎన్ని లోపల, ఎన్ని బయట, ఆ రోజు ఒంట్లో ఎట్లా ఉందో కూడా రాసుకునేది. 'తలనొప్పి, అమ్మతో గొడవ, పళ్ళెం, నాలుగు లోపల ఒకటి బయట' అని రాసిన పేజీ ఒకటి నేను దొంగతనంగా చదివి నవ్వాను. ఇట్లా చీమలా పాకుతూ ఆమె కంచం నుంచి పళ్ళేనికి వచ్చింది. వానలు పడి ఆగాక, పళ్ళెం నుంచి సాసరుకు వచ్చింది. మూడు వారాలు సాసరు గీసి, ఒక్క కార్డు కూడా చింపలేదు. నేను గ్లాసుకూ సాసరుకూ మధ్య ఎగురుతూ, పది కార్డుల్లో ఏడు చింపుకుంటూనే ఉన్నాను. చెడ్డ రోజున నా గుండ్లు పళ్ళెమంత జాగాలో పడేవి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా ఒప్పుకునే మొహం కాదు నాది.

అప్పుడే క్లబ్బు కార్యదర్శి ఒక సంగతి చెప్పాడు. బొంబాయిలో పిస్తోలు పోటీలు ఉన్నాయి, క్లబ్బు తరఫున ఒక ఆడపిల్లను పంపుతాం, నలుగురికీ పరీక్ష పెట్టి ఒకరిని ఎంచుతాం అని. నలుగురంటే ఆ సభ్యుల కూతుళ్ళు ఇద్దరు, నేను, నా స్నేహితురాలు. మూడు కార్డులు, మా నాయిన పద్ధతిలోనే. మూడూ నిలవాలి.

నాకు ఆ సీటు కావాలి. ఎంత కావాలంటే, అన్నం సయించేది కాదు. నేను రైలెక్కి ఎరగను, నల్లగొండ దాటి ఎరగను. సముద్రం చూడలేదు. మా నాయినను 'ఏయ్' అని పిలిచేవాళ్ళ ముందు ఆయన కూతురి పేరు గట్టిగా చదవాలి. రాత్రీ పగలూ అదే ధ్యాస. కానీ లెక్క తేలిగ్గానే ఉంది. నా స్నేహితురాలు సాసరు గీస్తుంది, నిలబెడుతుంది. ఆమెను గెలవాలంటే నేను గ్లాసు గీయాలి. గ్లాసు గీస్తే మూడింటిలో ఒకటైనా చిరుగుతుంది. ఆమె ఒక్కతే లేకపోతే, సభ్యుల కూతుళ్ళిద్దరూ డాంబికానికి గ్లాసే గీసి చింపుకుంటారు. అప్పుడు నాకు పళ్ళెం చాలు. ఈ లెక్క వేసుకున్నందుకే నాకు నా మీద అసహ్యం వేసింది, వేసినా అది నా తలలోంచి పోలేదు.

పరీక్ష రోజున బందు. వాయిదా వేయమని మా నాయిన అడిగితే కార్యదర్శి, మేము జీపుల్లో వస్తాం, మాకేం ఇబ్బంది లేదు అన్నాడట. ముందురోజు సాయంత్రం నేను మూసారాంబాగ్ పోయినప్పుడు నా స్నేహితురాలి తండ్రి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "నువ్వు వస్తేనే పంపిస్తానమ్మా. ఒంటరిగా పంపను." సరేనన్నాను. పొద్దున ఆరున్నరకు వస్తానన్నాను. మా నాయిన తెల్లవారగానే సైకిలు మీద చాంద్‌మారీకి పోతూ, "ఆ పిల్లను పైలంగ తీస్కరా" అని చెప్పి పోయాడు.

నేను బయల్దేరాను. మంచు దట్టంగా ఉంది. నాలుగడుగుల ముందు ఏముందో కనిపించడం లేదు. సగం దూరం పోయాక తోట బావి దగ్గర గట్టు మీద కూర్చున్నాను, చెప్పులో రాయి పడిందని. రాయి తీసేశాను. మళ్ళీ లేవలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మంచులో ఎక్కడో బావి మోట కిర్రుమంటోంది, చిలకలు లేచే వేళ. ఆ తెల్లదనంలో కూర్చుంటే నేను చేసేది ఎవరికీ కనిపించదనీ, అసలు నేను ఏమీ చేయడం లేదనీ, ఊరికే కూర్చున్నాననీ అనిపించింది. ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. తర్వాత చాలా ఏళ్ళు, ఎవరైనా అడిగితే, ఆ రోజుల్లో గొడవలు అట్లా ఉండేవి అని తేల్చేసేదాన్ని. అబద్ధం. ఆ పొద్దున దారిలో ఒక్క మనిషి లేడు. ఒక్క రాయి పడలేదు. నన్ను ఎవరూ ఆపలేదు. ఉద్యమానికీ నేను చేసినదానికీ ఏ సంబంధమూ లేదు. నేను సీటు కోసం లేచి వెనక్కి తిరిగాను.

చాంద్‌మారీలో మా నాయిన చెక్క చట్రాలు నిలబెడుతున్నాడు. నా వెనక చూశాడు.

"ఏదీ ఆ బిడ్డ?"

"వాళ్ళింట్ల పంపియ్యలే నాయినా."

ఆయన చేతిలో సుత్తి అట్లాగే ఆగిపోయింది. "పాపం, గీ రోజులల్ల ఎట్ల పంపిస్తరు" అని నిట్టూర్చి, నాలుగో చట్రం పీకేశాడు.

సభ్యుల కూతుళ్ళు నేను అనుకున్నట్టే గ్లాసు తీసుకున్నారు. నా వంతు వచ్చింది. పెట్టె ముందు వంగాను. పళ్ళెం తీసి కార్డు మీద బోర్లించి పెన్సిలు తిప్పుతుంటే మా నాయిన పని ఆపి దగ్గరికి వచ్చాడు. నేను పళ్ళెం తీయడం ఆయన అదే మొదటిసారి చూడటం. ఆ రోజు నా చేయి బాగా లేదు. కళ్ళు ఈగ మీద నిలవలేదు. అయినా పళ్ళెం పెద్దది. అయిదు, అయిదు, అయిదు. కొన్ని గీతను ఒరుసుకుంటూ పడ్డాయి గానీ పదిహేనూ లోపలే. సభ్యుల కూతుళ్ళ కార్డులు మొదటి వరసలోనే చిరిగాయి. కార్యదర్శి నా పేరు గట్టిగా చదివాడు.

మా నాయిన నా తల మీద చేయి పెట్టాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. "గెలిసినందుకు గాదు బిడ్డా. ఇయ్యాల నీ చెయ్యి సంగతి నువ్వు తెలుసుకున్నవ్. ఉన్నదున్నట్టు గీసినవ్. ఇగ నాకు ఫికరు లేదు" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకుంటూ అన్న అంత పెద్ద మాట అదొక్కటే. నేల చీలితే దూరిపోదామనిపించింది.

షెడ్డుకు తాళం వేశాక ఆయన తోటమాలి ఇచ్చిన ద్రాక్ష గుత్తులు రుమాలులో కట్టుకున్నాడు. "నడువ్, మూసారాంబాగ్ పోయొద్దాం. ఆ పిల్ల ఎంత బాధపడ్తున్నదో."

"ఇయ్యాల బందు గద నాయినా. రేపు పోదం."

"బందయితె మనకేంది? దారిల కుక్క గూడ లేదు."

ఆయన సైకిలు నెట్టుకుంటూ ముందు, నేను వెనక. మంచు ఎప్పుడో కరిగిపోయింది. ఆ కాలిబాట అంత పొట్టిదని నాకు అంతకు ముందు తెలియదు. ఏ పందిరి దగ్గరో ఆయన చెప్పు తెగాలనీ, సైకిలు గాలి పోవాలనీ మొక్కుకున్నాను. ఏమీ జరగలేదు.

నా స్నేహితురాలు గేటు దగ్గరే ఉంది. ఎన్‌సీసీ గుడ్డ బూట్లు, బిగించి కట్టిన జడ, చంకలో నోటుబుక్కు. పొద్దు నడినెత్తి మీదికి వచ్చింది. మమ్మల్ని చూసి వాళ్ళమ్మ వాకిట్లోకి వచ్చింది. "చూడండి అన్నయ్యగారూ, ఆరింటి నుంచీ ఇదిగో ఇలాగే నిలబడింది. బూట్లు విప్పవే అంటే విప్పదు. మీ అమ్మాయి వస్తుంది, మాటిచ్చింది, వస్తుంది అంటుంది. కాఫీ కూడా తాగలేదండి."

మా నాయిన నా వైపు తిరిగి చూశాడు. ఒక్కసారే. నేను తల ఎత్తలేదు.

నా స్నేహితురాలు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆమెకు అంతా అర్థమైంది. తెలివైన పిల్ల. అప్పుడామె, "దారిలో ఏదో గొడవగా ఉండి ఉంటుంది బాబాయిగారూ. అందుకే రాలేకపోయుంటుంది. కదే?" అంది.

నాకోసం ఆమె ఒక అబద్ధం తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని వద్దనలేదు. తల ఊపాను, అవునని. అదే దారిన ఒక్క మనిషి ఎదురుపడకుండా నడిచి వచ్చిన మా నాయిన పక్కనే నిలబడి, తల ఊపాను.

"ఎవరికొచ్చింది?" అని అడిగింది.

"నాకు."

"ఏం గీశావు?"

"పళ్ళెం."

"మూడూ నిలిచాయా?"

"నిలిచినయ్."

మూడు వారాలుగా ఆమె సాసరు నిలబెడుతోందని మా ముగ్గురికీ తెలుసు. ఆమె "మంచిదే" అని, మెట్టు మీద కూర్చుని, బూట్ల తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టింది. ఒక ముడి బిగుసుకుపోయింది. వేళ్ళతో రాక, వంగి పళ్ళతో లాగింది. మా నాయిన ద్రాక్ష మూట గుమ్మం పక్కన పెట్టి, వాళ్ళమ్మకు దండం పెట్టి, సైకిలు తిప్పాడు. దారి పొడుగునా ఆయన నన్ను ఏమీ అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రెండు చెంపలూ వాయగొట్టి ఉంటే ఇంకా బాగుండేది.

రెండు నెలలకు వాళ్ళ నాన్న బదిలీ చేయించుకుని కుటుంబంతో సహా గుంటూరు వెళ్ళిపోయాడు. నేను చూడటానికి పోలేదు, మొహం చెల్లక. ఆమె మళ్ళీ పిస్తోలు పట్టుకుందో లేదో నాకు తెలియదు. బొంబాయి పోయాను. సముద్రం చూశాను. పోటీలో చాలామంది వెనక నిలిచాను. నా చేతికి తగ్గట్టే నిలిచాను, దానికి నాకు బాధ లేదు. ఇప్పుడు మెట్రోలో ఎల్బీ నగర్ దాకా పోతుంటే మూసారాంబాగ్ స్టేషన్ దగ్గర తలుపులు తెరుచుకుంటాయి. నేను ప్రతిసారీ తల దించుకుని కూర్చుంటాను. డెబ్భై దాటినదాన్ని, ఎవరు చూస్తారు, ఎందుకు చూస్తారు. అయినా అంతే.

బొంబాయి నుంచి వచ్చాక మళ్ళీ చాంద్‌మారీకి పోయిన మొదటి రోజు. మా నాయిన కార్డు తెచ్చి చట్రానికి బిగించాడు. పిస్తోలు నా చేతికిచ్చాడు. పెట్టె షెడ్డు మూలన మూత వేసే ఉంది.

"నాయినా, గీత గీయలే" అన్నాను.

"వద్దులే బిడ్డా" అన్నాడు, మెల్లగా, కోపం లేకుండా. "నువ్వు కాల్చు. నేను ఆడికి పోయి సూసుకుంట."

ఆ తర్వాత కూడా క్లబ్బుకు ఎవరు వచ్చినా ఆయన ముందు గీత గీయించేవాడు, పేరు రాయించేవాడు. నన్ను మాత్రం, తాను బతికినన్ని రోజులూ, ఒక్కసారి కూడా అడగలేదు. నేను అయిదు గుండ్లూ కాల్చేదాకా ఆగి, ఇరవై అయిదు గజాలు నడిచి పోయి, కళ్ళద్దాలు పెట్టుకుని, తానే చూసుకునేవాడు.